బెల్‌ఫాస్ట్‌లో అద్దె ఇల్లు: కొస గోడ మీద ముసుగు మనిషి బొమ్మ ఉంది, దిగవచ్చా?

ఒంగోలు కుర్రవాడు:

అందరికీ నమస్కారం. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు, యార్క్ స్ట్రీట్‌లోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేయడానికి వచ్చి ఐదు వారాలైంది. ప్రస్తుతం ముగ్గురం ఒకే గదిలో సర్దుకుంటున్నాం. ఉత్తర బెల్‌ఫాస్ట్‌లో ఒక ఇల్లు చూశాం. రెండు పడకగదులు, వెనక చిన్న పెరడు, కాలేజీకి నడిచి 25 నిమిషాలు. ఇంతవరకు చూసిన ఇళ్లన్నిటికంటే అద్దె నెలకు 150 పౌండ్లు తక్కువ.

ఎందుకు తక్కువో వీధి మలుపు తిరగగానే అర్థమైనట్టే అనిపించింది. కాలిబాట అంచు రాళ్లకు వరసగా బ్రిటిష్ జెండాలోని ఎరుపు, తెలుపు, నీలం రంగులు. ప్రతి దీపస్తంభానికీ జెండా. వరుసలో కొస ఇంటి పక్కగోడ మీద, కప్పు దాకా, ఒక మనిషి బొమ్మ. నల్ల ముసుగు, చేతిలో తుపాకీ. కింద యూవీఎఫ్ అని మూడు అక్షరాలు. ఆ అక్షరాలకు ఆనించి చెత్తడబ్బా, ఎవరో చిన్నపిల్లవాడి సైకిలు. ఇల్లు చూపించడానికి వచ్చిన ఆయనను అడిగితే "అదంతా పాత చరిత్ర" అని తలుపు తాళం తీశాడు.

నా సందేహాలు ఇవి. మా ఊళ్లో గోడ మీద ఎవరైనా నినాదం రాస్తే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి సున్నం కొట్టిపోతారు. ఇక్కడ తుపాకీ బొమ్మ వేసినా పోలీసులు ఎందుకు ఊరుకుంటున్నారు? ఊరి మధ్యలో హిల్ స్ట్రీట్ వైపు గోడల మీద ఉన్నవి చూస్తే మళ్లీ ఎంతో అందంగా ఉన్నాయి, వాటిలో తుపాకులు లేవు. ఫాల్స్ రోడ్డులో పాలస్తీనా బొమ్మలు, కాస్త అవతలికి వెళ్తే షాంకిల్ రోడ్డులో ఇజ్రాయెల్ జెండాలు. వీళ్లకీ వాళ్లకీ ఏమిటి సంబంధం?

అమ్మకు వీడియో కాల్‌లో ఇల్లు, పెరడు, వీధి అన్నీ చూపించాను. ఫోను ఆ గోడవైపు మాత్రం తిప్పలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.


చార్మినార్ చాయ్:

తమ్ముడూ, అనవసరంగా భయపడుతున్నావు. ఆ బొమ్మలను చూడటానికే ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. క్రిందటి వేసవిలో మేము కుటుంబంతో వచ్చినప్పుడు నల్ల టాక్సీ మాట్లాడుకుని గంటన్నర తిరిగాం. డ్రైవరు ప్రతి గోడ దగ్గరా ఆపి కథ చెప్పాడు. మా పిల్లలు రెండు పక్షాల పేటలను వేరుచేసే శాంతి గోడ మీద మార్కరుతో పేర్లు కూడా రాసి వచ్చారు. అదంతా అయిపోయిన గొడవ. ఇప్పుడు అది కళ. 150 పౌండ్లు వదులుకోవద్దు.


లగాన్ ఒడ్డున:

తమ్ముడూ, పైన ఆయన చెప్పినది టాక్సీలోంచి చూసిన సంగతి. టాక్సీ వెళ్లిపోతుంది, నువ్వు అక్కడే ఉంటావు. కాస్త పొడుగు అవుతుంది, టీ పెట్టుకుని చదువు.

నేను ఈ ఊరు వచ్చి 18 ఏళ్లు. ఆసుపత్రి ల్యాబులో పని. మొదటి మూడేళ్లు తూర్పు బెల్‌ఫాస్ట్‌లో, అచ్చం నువ్వు చెప్పినటువంటి వీధిలోనే అద్దెకు ఉన్నాను.

ముందుగా ఒక మాట. నువ్వు చూసినది గ్రాఫిటీ కాదు. గ్రాఫిటీ అంటే రాత్రిపూట ఎవరి కంటా పడకుండా గీసి పారిపోయేది. ఇక్కడ పట్టపగలు పరంజా కడతారు, గోడకు తెల్లపూత వేస్తారు, గళ్లు గీసుకుంటారు, రోజుల తరబడి తీరిగ్గా వేస్తారు. వీధిలోవాళ్లు టీ తెచ్చి ఇస్తారు. మ్యూరల్ అంటారు దీన్ని. చిన్నప్పుడు మా పెనమలూరులో ఎన్నికలకు ఆరు నెలల ముందే జాజుతో "ఈ గోడ మాది" అని పార్టీ పేరు రాసి గోడను పట్టేసుకునేవాళ్లు, అది గుర్తొస్తుంది నాకు. కాకపోతే అక్కడ ఓట్లు అయిపోగానే గోడ మళ్లీ ఇంటివాళ్లదే. ఇక్కడ ఆ మాట వందేళ్లుగా అలాగే ఉంది. ఇది పొలిమేర రాయి తమ్ముడూ. ఇక్కడి నుంచి ఎవరి ఊరో చెప్పే రాయి.

వందేళ్లు అని ఊరికే అనలేదు. ఇక్కడి మొదటి మ్యూరల్ 1908లో తూర్పు బెల్‌ఫాస్ట్‌లో బీర్స్‌బ్రిడ్జ్ రోడ్డులో వేశారు. తెల్లగుర్రం మీద ఇంగ్లండ్‌ను ఏలిన ప్రొటెస్టెంట్ రాజు విలియం. 1690లో బోయిన్ నది దగ్గర ఆయన గెలిచిన యుద్ధాన్ని ఏటా జూలై 12న ఊరేగింపులతో పండుగ చేసుకుంటారు. ఆ పండుగకు ముందు గుర్రానికీ రాజుకూ రంగు కొత్తగా వేయడం ఆనవాయితీ. అంటే ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తోనే ఉండాలనుకునేవాళ్లకు గోడ మొదటి నుంచీ దొరికింది. ప్రభుత్వం వాళ్లదే, వీధీ వాళ్లదే, రంగు డబ్బా పట్టుకుంటే అడిగే నాథుడు లేడు.

అవతలివాళ్లకు, అంటే ఐర్లండ్‌తో కలవాలనుకునే పక్షానికి, ఆ వీలు లేదు. 1954లో ఒక చట్టం వచ్చింది, 1987 దాకా అమల్లో ఉంది. గొడవకు దారితీస్తుందనిపించిన ఏ గుర్తునైనా పోలీసులు తీసేయవచ్చు, బ్రిటిష్ జెండా తప్ప. ఇక మిగిలింది ఏ జెండానో వేరే చెప్పాలా? 1980 జూలైలో ఆర్మో రోడ్డు దగ్గర 16 ఏళ్ల పిల్లవాడు గోడ మీద నినాదం రాస్తుంటే పోలీసు కాల్చి చంపాడు. చేతిలో కుంచెను తుపాకీ అనుకున్నానన్నాడు. హత్య కేసు పెట్టారు, నిర్దోషిగా బయటికొచ్చాడు. నువ్వు అడిగావు చూడు, పోలీసులు ఎందుకు ఊరుకుంటున్నారని. ఒకప్పుడు ఊరుకోలేదు, ఒక పక్షం వైపు మాత్రమే.

ఆ మరుసటి సంవత్సరమే గోడలు తిరగబడ్డాయి. 1981లో మేజ్ జైలులో బాబీ సాండ్స్ అనే 26 ఏళ్ల ఖైదీ నిరాహారదీక్ష మొదలుపెట్టాడు. మమ్మల్ని మామూలు నేరస్థులుగా కాదు, రాజకీయ ఖైదీలుగా చూడండి అని. దీక్షలో ఉండగానే ఏప్రిల్‌లో పార్లమెంటుకు గెలిచాడు, మే 5న, 66వ రోజున చనిపోయాడు. అతని వెనక ఇంకా తొమ్మిది మంది. పొట్టి శ్రీరాములు గారి 58 రోజులు చదువుకుని పెరిగినవాళ్లం కదా, ఒక మనిషి తిండి మానేసి రోజులు లెక్కపెట్టుకుంటుంటే వీధులు ఎలా ఉంటాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. (ఇద్దరినీ ఒక గాటన కట్టడం లేదు. సాండ్స్ ఐఆర్‌ఏ మనిషి, అంటే ఐర్లండ్‌తో కలవడానికి తుపాకీ పట్టిన సంస్థవాడు, ఆయుధాల కేసులో జైలుకు వెళ్లినవాడు.) ఆ వసంతంలో పశ్చిమ బెల్‌ఫాస్ట్ కుర్రాళ్లు దొరికిన గోడ మీదల్లా బొమ్మలు వేశారు. సైనికులు రంగు నింపిన సీసాలు విసిరి పాడు చేస్తే మళ్లీ వేశారు. ఇప్పుడు ఫాల్స్ రోడ్డులో, సెవాస్టపోల్ స్ట్రీట్ మలుపులో నవ్వుతూ కనిపించే పెద్ద సాండ్స్ బొమ్మ తర్వాతి కాలానిది. చరిత్ర మాత్రం అక్కడి నుంచే.

పాలస్తీనా, ఇజ్రాయెల్ సంగతి ఇందులోంచే వచ్చింది. ఐర్లండ్ పక్షంవాళ్లు తమను పాలస్తీనా వాళ్లలో చూసుకున్నారు. వాళ్లు పాలస్తీనా అన్నారు కాబట్టి బ్రిటన్ పక్షంవాళ్లు ఇజ్రాయెల్ అన్నారు. మొదటి సగంలో కొంత ఆలోచన ఉంది. రెండో సగం అచ్చంగా ఎదురింటివాళ్లు ఉగాదికి మామిడాకులు కడితే మేము అశోకాకులు కడతాం అనే రకం. ఇలా అన్నానని ఇక్కడ ఎవరికీ చెప్పకు.

ఇక నా కథ. ఆ వీధిలో దిగిన మొదటి సంవత్సరం ఆగస్టు 15న నాకు దేశం మీద బెంగ పుట్టింది. పెట్టె అడుగున మన జెండా ఉంది. కర్ర లేదు. అందుకని మేడ మీది కిటికీ నుంచి నిలువుగా వేలాడదీసి, నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి, డ్యూటీకి వెళ్లిపోయాను. సాయంత్రం ఐదుకు తిరిగి వచ్చేసరికి పక్కింటి ముసలావిడ నా గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మాయీ, ఆ జెండా నీకు ఎవరిచ్చారు?" మా దేశం జెండా అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి అవతలి కాలిబాట మీద నిలబెట్టి, తిరిగి చూడమంది.

చూశాను. నిలువుగా కట్టడంతో పట్టీలు నిలువుగా వచ్చాయి. గాలికి మడత పడి మధ్యలో చక్రం లోపలికి పోయింది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. అంటే నారింజ, తెలుపు, ఆకుపచ్చ. ఆ వీధిలో, ఆ ముసుగు మనిషి బొమ్మకు సరిగ్గా ఎదురుగా, నేను ఐర్లండ్ జెండా ఎగరేశాను.

"నాకు తెలుసు నువ్వు ఎవరివో. కారులో పోయేవాడికి ఆ చక్రం కనబడదు. చీకటి పడకముందే తీసెయ్" అంది. చేతులు వణుకుతుంటే క్లిప్పులు ఊడలేదు, ఒకటి విరిగింది. మర్నాడు పొద్దున గుమ్మం ముందు సోడా బ్రెడ్ వేడివేడిగా గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. తర్వాత రెండేళ్లూ ఆవిడే నాకు ఆ వీధి అక్షరాభ్యాసం చేసింది. జూలై 11 రాత్రి భోగిమంటలాంటివి వేస్తారు, అది మన భోగికి పదింతలు ఎత్తు, ఆ దాపులో కారు పెట్టవద్దని చెప్పింది. ఫలానా ఫుట్‌బాల్ జట్టు చొక్కా వేసుకుని ఎవరైనా అతిథి వస్తే పైన కోటు తొడిగించమంది. గోడలు చదవడం కూడా ఆవిడే నేర్పింది.

ఆవిడ చెప్పిన కిటుకు ఒక్కటే. బొమ్మను చూడకు, రంగును చూడు. వానలూరు ఇది. దక్షిణపు గోడ అయినా సరే, పట్టించుకోకపోతే రంగు పెచ్చులూడుతుంది, ముసుగు బూడిదరంగులోకి తిరుగుతుంది, తుపాకీ మీద నాచు పడుతుంది. అలా ఉంటే ఆ వీధిలో బొమ్మ మిగిలింది కానీ దాన్ని మోసే మనుషులు ముసలివాళ్లయ్యారని అర్థం. నలుపు నిగనిగలాడుతుంటే, అంచు రాళ్లకు మొన్ననే రంగు వేసి ఉంటే, ఎవరో డబ్బు పెడుతున్నారు, ఎవరో నిచ్చెన ఎక్కుతున్నారు, వద్దనడానికి ఎవరూ సాహసించడం లేదు. నువ్వు రాసిన ఆ మూడు అక్షరాలు ఇప్పటికీ నిషేధంలో ఉన్న, బ్రిటన్ పక్షపు సాయుధ ముఠావి. కాల్పుల విరమణ ప్రకటించింది 1994లో, శాంతి ఒప్పందం కుదిరింది 1998 ఏప్రిల్‌లో. రంగు మాత్రం ఈ ఏటిది కావచ్చు.

తుడిపేయడానికి చూడలేదా అంటే చూశారు. 2006లో కళామండలి వాళ్లు 33 లక్షల పౌండ్లతో పథకం పెట్టి, వీధివాళ్లను ఒప్పించి, తుపాకుల చోట వేరే బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. చాలా గోడలు ప్రభుత్వ గృహసంస్థవే, అయినా వీధి ఒప్పుకోనిదే ఏ మేస్త్రీ నిచ్చెన వేయడు. అలా మా పక్క వీధిలో ముసుగు మనిషి పోయి ఓడల కార్మికులు వచ్చారు. మంచిదే. కానీ నిజం చెప్పాలంటే ఆ కొత్త బొమ్మల్లో చాలావాటికి బ్యాంకువాళ్లు పంచే క్యాలెండరు కళ ఉంటుంది. ఎవరినీ నొప్పించకూడదని కూర్చుని వేసిన బొమ్మ అలాగే ఉంటుంది మరి. హిల్ స్ట్రీట్‌లో నువ్వు చూసినవి మూడో రకం, ఎక్కడెక్కడి నుంచో పిలిపించిన చిత్రకారులవి. అక్కడ ఎవరూ కాపురం ఉండరు కాబట్టి ఆ గోడలకు ఎవరితోనూ పేచీ లేదు.

అసలు విషయం. బొమ్మ మనతో పోట్లాడదు. మనం వాళ్ల పాత లెక్కలో ఏ పక్షమూ కాదు. అయితే 2024 ఆగస్టులో ఊరి దక్షిణాన వలస వచ్చినవాళ్ల దుకాణాలు తగలబెట్టినప్పుడు ఆ పాత లెక్క పక్కన కొత్త లెక్క ఒకటి తెరిచారని అర్థమైంది. 2025 జూన్‌లో ఇక్కడికి ఉత్తరాన ఉన్న బాలిమెనా ఊళ్లో వలస వచ్చినవాళ్ల ఇళ్ల మీద దాడులు జరిగినప్పుడు ఫిలిప్పీన్స్ కుటుంబాలు తలుపులకు "ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్లు ఉంటున్నారు" అని కాగితాలు అంటించుకున్నాయి, బ్రిటిష్ జెండా పక్కన పెట్టి. మేము మీరు వెతుకుతున్నవాళ్లం కాము అని చెప్పుకోవడానికి. ఈ ఊళ్లో నేను చదివిన రాతలన్నిటిలోకీ నన్ను నిద్రపోనివ్వనిది అదే. కాబట్టి తుపాకీ బొమ్మకంటే, కరెంటు పెట్టె మీద, బస్టాపు అద్దం మీద చిన్న స్ప్రే అక్షరాలలో ఏముందో చూడు. "ఇళ్లు స్థానికులకే" లాంటి మాట తాజాగా కనిపిస్తే ఆ 150 పౌండ్లు వదిలేయి.


డెర్రీ వంటవాడు:

అక్క గారు అంతా చెప్పారు. నాది డెర్రీ, హోటల్లో వంట. ఒక్క సవరణ, ఇక్కడ రాత్రిపూట గ్రాఫిటీ కూడా ఉంది. మా ఊరికి రెండు పేర్లు, ఐర్లండ్ పక్షానికి డెర్రీ, బ్రిటన్ పక్షానికి లండన్‌డెర్రీ. ప్రభుత్వ బోర్డుల మీద లండన్‌డెర్రీ అని ఉంటుంది. ఊరికి వచ్చే దారిలో చూడండి, బోర్డు మీద "లండన్" వరకు ఎవరో రంగు కొట్టేసి ఉంటారు. రోడ్ల శాఖ కొత్త బోర్డు పెడుతుంది, మళ్లీ కొట్టేస్తారు. ఆరు అక్షరాల స్ప్రేతో ఇంత సూటిగా మాట్లాడినవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

ఐర్లండ్ పక్షంవాళ్లు ఉండే బాగ్‌సైడ్ పేటలో ఒక గోడ ఒంటరిగా నిలబడి ఉంటుంది. 1969 జనవరిలో ఆ గోడ మీద "ఇప్పుడు మీరు స్వేచ్ఛా డెర్రీలోకి ప్రవేశిస్తున్నారు" అని రాశారు. అప్పుడది ఒక ఇంటి పక్కగోడ. తర్వాత ఇళ్లన్నీ కూల్చి రోడ్డు వేశారు, గోడను మాత్రం ఉంచారు. ఇల్లు లేని గోడ.

దానికి దగ్గరలోనే నేను పని అయ్యాక నిలబడే బొమ్మ ఒకటి ఉంది. ఆకుపచ్చ స్కూలు యూనిఫారంలో ఒక అమ్మాయి. ఆనెట్ మెక్‌గావిగన్, 14 ఏళ్లు, 1971 సెప్టెంబరులో తూటా తగిలి చనిపోయింది. ఆమె పక్కన తలకిందులుగా ఒక తుపాకీ, పైన ఒక సీతాకోకచిలుక. బొమ్మ వేసినప్పుడు తుపాకీ చెక్కుచెదరకుండా ఉండేది, సీతాకోకచిలుకకు రంగు లేదు. శాంతి నిలుస్తుందో లేదో చూసి పూర్తి చేద్దామని అలా వదిలేశారట. 2006లో చిత్రకారులు మళ్లీ వచ్చి తుపాకీని రెండు ముక్కలు చేశారు, రెక్కలకు రంగులు వేశారు. అంటే పైన అక్క గారు చెప్పిన రంగు కిటుకు ఇక్కడ కూడా పనిచేస్తుంది, తిరగేసి.


ఒంగోలు కుర్రవాడు:

అక్కా, చదివిన వెంటనే సాయంత్రం మళ్లీ వెళ్లి వచ్చాను. ముసుగు పెచ్చులూడుతోంది. తుపాకీ మడమ దగ్గర గోడ ఇటుక కనిపిస్తోంది, దాని మీద ఒక పిల్లల బంతి మరకలు వరసగా ఉన్నాయి. అంచు రాళ్ల మీద నీలం దాదాపు పోయింది. జెండాలు మాత్రం కొత్తవి. బస్టాపులో ఏదో అబ్బాయి, ఏదో అమ్మాయి, మధ్యలో గుండె బొమ్మ. కరెంటు పెట్టె మీద ఒక ఫుట్‌బాల్ జట్టు పేరు, దాని కింద అదే జట్టును తిడుతూ ఇంకొకరి చేతిరాత.

ఎదురింటాయన చెత్తడబ్బా బయట పెడుతూ ఇంటి కోసం వచ్చావా అని అడిగాడు. అవునన్నాను. "తడి వాసన వస్తుంది, వెనక గదిలో" అన్నాడు. బొమ్మ గురించి అడగాలనిపించింది, అడగలేదు.


లగాన్ ఒడ్డున:

అడగకపోవడం మంచిదైంది. జెండాలు జూలైలో కట్టినవి అయి ఉంటాయి, శీతాకాలానికి గాలే చింపేస్తుంది. ఎదురింటాయన పలకరించాడు, అది నాకు నచ్చింది. సంతకం చేసే ముందు ఒక శనివారం రాత్రి పది దాటాక ఆ వీధిలో నడిచి చూడు, స్నేహితుణ్ణి తోడు తీసుకుని. ఆగస్టు 15న జెండా పెట్టుకోవాలనిపిస్తే గది లోపల, అడ్డంగా.

తడి వాసన అన్నాడంటే వెనక గోడకు బూజు ఉంటుంది, మంచం జరిపించి మరీ చూడు. గ్యాస్ మీటరు ముందుగా డబ్బు వేసుకునే రకమా, నెల బిల్లు రకమా? మొదటిదైతే పాత అద్దెవాళ్ల బాకీ ఏమైనా మిగిలి ఉందేమో అడిగి రాయించుకో.